మిల్లు మూతపడింది, భూమి ఎవరికి తెరుచుకుంది?



మిల్లు మూస్తారన్న మాట చెవిన పడగానే మనం అడిగే ప్రశ్నలు నాలుగు. బకాయి జీతం ఎప్పుడిస్తారు? పి.ఎఫ్. కట్టారా, ఎగ్గొట్టారా? గ్రాట్యుటీ ఎంత వస్తుంది? వి.ఆర్.ఎస్. కాగితం ముందు పెడితే సంతకం పెట్టాలా, వద్దా? నాలుగూ న్యాయమైనవే. అయిదో ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాదు. మిల్లు కింద ఉన్న భూమి ఏమవుతుంది?

ఆ ప్రశ్న వేళకు అడగకపోవడం వల్ల బొంబాయి మిల్లు కార్మికులు ఎంత పోగొట్టుకున్నారో ఈ సంచికలో రాయదలిచాను. బొంబాయి ఎక్కడ, గుడియాత్తం ఎక్కడ అనకండి. అక్కడ పోగొట్టుకున్నవాళ్లలో మన తెలుగువాళ్లున్నారు. అదీగాక అక్కడ జరిగినదే మద్రాసులో జరిగింది. రేపు మన గేటు ముందుకూ వస్తుంది.

బొంబాయిలో 1854లో తార్‌దేవ్‌లో మొదటి నూలు మిల్లు కంపెనీ పెట్టారు. అప్పటినుంచి పరేల్, వర్లీ, లాల్‌బాగ్, ప్రభాదేవి, దాదర్ వరకు పొగగొట్టాలు లేచాయి. సముద్రం పక్కనే ఎందుకు పెట్టారో మన పనివాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. పత్తి, యంత్రాలు, బొగ్గు దిగడానికి రేవు కావాలి. దానికి మించినది గాలిలో తేమ. వేలూరు ఎండలో హ్యుమిడిఫికేషన్ ప్లాంటు ఒక్క అరగంట ఆగితే రింగ్ ఫ్రేము మీద దారాలు ఎలా తెగుతాయో, సైడర్లు ఎలా పరుగెత్తాలో మనకు తెలుసు. బొంబాయిలో ఆ తేమను సముద్రం ఊరికే ఇచ్చింది. వందేళ్లకు పైగా అక్కడి షేట్లు ఆ గాలితో నూలు వడికించి లాభం తీశారు. ఇప్పుడు అదే గాలిని అదే చోట 'సీ వ్యూ' అని పేరు పెట్టి చదరపు అడుగుల లెక్కన అమ్ముతున్నారు. గాలి మారలేదు, సముద్రం మారలేదు. మధ్యలో ఉన్న మనిషిని మాత్రం తీసేశారు.

ఆ మనుషుల్లో మనవాళ్లెవరంటే, కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి మగ్గం చితికిపోయి వలస వెళ్లిన పద్మశాలీలు. కట్టడం పనులకు అంతకుముందే వెళ్లిన తెలుగు కూలీలను అక్కడివాళ్లు కామాఠీలు అన్నారు. కామాఠీపురా అనే పేట పేరు వాళ్లవల్ల వచ్చిందే. ఈనాడు ఆ పేట పేరు చెప్తే జనం వేరే అర్థంలో నవ్వుతారు. ఊరు కట్టినవాళ్ల పేరు అన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. వర్లీలో, నాయగాంలో ఒక గదిలో ఎనిమిదిమంది, పదిమంది. రాత్రి షిఫ్టువాడు లేచిన చాప మీద పగటి షిఫ్టువాడు పడుకునేవాడు. మన ఊళ్లనుంచి పెరంబూరు మిల్లులకు పోయినవాళ్ల బతుకూ అంతకంటే గొప్పదేం కాదు.

1982 జనవరి 18న డాక్టర్ దత్తా సామంత్ నాయకత్వంలో బొంబాయి మిల్లుల సమ్మె మొదలయింది. దాదాపు రెండున్నర లక్షలమంది బయటికి వచ్చారు. ఆ సమ్మెను అధికారికంగా విరమించినట్టు ఎవరూ ప్రకటించనేలేదు. జనం ఊళ్లకు వెళ్లిపోయారు, కొందరు తిరిగి పనిలో చేరారు, చాలామందికి గేటు తెరుచుకోలేదు. సమ్మె ఓడిపోవడానికి కారణాలు అనేకం. 1946 నాటి బొంబాయి పారిశ్రామిక సంబంధాల చట్టం ప్రకారం గుర్తింపు ఉన్న సంఘం ఒక్కటే కార్మికుల తరఫున మాట్లాడాలి. సమ్మె చేసినవాళ్లు ఆ సంఘం వెనుక లేరు. సంతకం పెట్టే హక్కు ఒకరిది, ఆకలితో ఉన్నది ఇంకొకరు. ఇదంతా చాలామంది రాశారు. నేను చెప్పదలిచింది ఒక్కటే. ఆ సమ్మెలో ప్రధాన డిమాండ్లు జీతం పెంపు, బదిలీ కార్మికుల పర్మనెంటు, అలవెన్సులు. భూమి మాట అందులో లేదు. ఎందుకుంటుంది? మిల్లు నడుస్తుందనే అందరి నమ్మకం. నడిచే మిల్లు కింద భూమి ఎవరికి కనిపిస్తుంది!

యజమానులకు కనిపించింది. సర్కారుకూ కనిపించింది. 1991లో బొంబాయి అభివృద్ధి నియమాల్లో 58వ నియమం వచ్చింది. మిల్లు భూమి అమ్ముకోవచ్చు గాని మూడు వంతులు చెయ్యాలి. ఒక వంతు ఊరి ఖాళీ స్థలానికి, ఒక వంతు ప్రభుత్వ గృహ నిర్మాణ సంస్థ మ్హాడాకు, మిగిలిన వంతు యజమానికి. వినడానికి అన్యాయంగా లేదు. మొత్తం సుమారు 600 ఎకరాలు. రెండు వందల ఎకరాల్లో ఇళ్లు వస్తే ఎన్ని వేల కుటుంబాలు అక్కడే ఉండిపోయేవి!

2001లో ఆ నియమాన్ని సవరించారు. ఇక్కడ జాగ్రత్తగా చదవండి. మూడు వంతుల లెక్క తీసెయ్యలేదు, అలాగే ఉంచారు. ఆ లెక్క షెడ్లు లేని ఖాళీ భూమికి మాత్రమే అన్నారు. మిల్లు ఎలా ఉంటుందో మనకు తెలుసు కదా. కార్డింగు, డ్రాయింగు, స్పిన్నింగు, వైండింగు, గోడౌను, బాయిలరు, ఒకదానికొకటి ఆనుకొని కప్పు వేసే ఉంటాయి. ఖాళీ అంటే గేటు లోపల లారీ తిరిగే చోటు, సైకిలు స్టాండు, వేపచెట్టు కింద నీడ. అందులో మూడో వంతు ఊరికి, మూడో వంతు ఇళ్లకు! పర్యావరణ సంఘంవాళ్లు కోర్టుకెళ్లారు. 2005 అక్టోబరులో బొంబాయి హైకోర్టు వాళ్ల వాదన ఒప్పుకుంది. 2006 మార్చి 7న సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసి సవరణే చెల్లుతుందన్నది. చట్టాన్ని రద్దు చేస్తే మనం వీధుల్లోకి వస్తాం. చట్టంలో ఒక మాటకు అర్థం మారిస్తే మనకు తెలియనైనా తెలియదు. భూములు పోయేది అలాంటి మాటల్లోనే.

ఇక అమ్మకాలు. ఎన్.టి.సి. అంటే కేంద్ర ప్రభుత్వపు మిల్లులు, జనం సొత్తు. 2005లో ఎన్.టి.సి. బొంబాయిలో అయిదు మిల్లుల భూమి అమ్మింది. జూపిటర్ 276 కోట్లు, అపోలో 180 కోట్లు, ఎల్ఫిన్‌స్టన్ 441 కోట్లు, కోహినూరు 3వ నంబరు మిల్లు 421 కోట్లు, ముంబై టెక్స్‌టైల్ మిల్లు 702 కోట్లు. కూడితే 2,020 కోట్లు. ఇందులో చివరిది చూడండి. పదిహేడు ఎకరాల చిల్లర భూమి. 702 కోట్లకు కొన్న డి.ఎల్.ఎఫ్. కంపెనీ 2012లో దాన్ని సుమారు 2,700 కోట్లకు లోధా కంపెనీకి అమ్మింది. ఏడేళ్లలో రెండువేల కోట్లు పెరిగింది. ఆ ఏడేళ్లలో అక్కడ ఎవరూ ఒక్క కిలో నూలు వడకలేదు. మరి విలువ ఎక్కడినుంచి వచ్చింది? రైలు స్టేషన్లు, రోడ్లు, బజార్లు, ఆసుపత్రులు, బళ్లు అన్నీ ఆ చుట్టూ తయారై ఉన్నాయి కాబట్టి వచ్చింది. అవి ఎవరికోసం తయారయ్యాయి, ఎవరి రద్దీకి తయారయ్యాయి? మిల్లు కార్మికుల కోసం. మూడు తరాలు అక్కడ బతికి ఆ చోటుకు ధర తెచ్చినవాళ్లకు ఆ ధరలో వాటా లేదు.

శ్రీనివాస్ మిల్లు ఉన్నచోట ఇప్పుడు 'వరల్డ్ వన్' అని 280 మీటర్ల కట్టడం ఉంది. పైనుంచి చూస్తే అరేబియా సముద్రం అంతా కనిపిస్తుందట. 1905 నాటి ఫీనిక్స్ మిల్లు పెద్ద మాల్ అయింది. పాత పొగగొట్టాన్ని మాత్రం అలంకారానికి ఉంచుకున్నారు. కమలా మిల్లులో ఆఫీసులు, హోటళ్లు వచ్చాయి. 2017 డిసెంబరు 29 తెల్లవారకముందే అక్కడ మేడమీది హోటల్లో మంటలు లేచి 14 మంది చనిపోయారు. అదే ఏడు సెప్టెంబరు 29న ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ వంతెన మీద తొక్కిసలాటలో ఇరవైమందికి పైగా ప్రాణాలు పోయాయి. మిల్లు షిఫ్టుల జనానికి కట్టిన ఇరుకు వంతెన. పైన అంతస్తులు ఎన్నైనా లేపారు, కింద మెట్లు వెడల్పు చెయ్యడానికి మాత్రం తీరిక దొరకలేదు. చచ్చినవాళ్లు నెల జీతం మీద పనికి వచ్చిన మామూలు మనుషులే.

ఇప్పుడు కార్మికులకు ఏం దక్కిందో చూద్దాం. సంఘాలు ఏళ్లతరబడి కొట్లాడితే, 1982 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పనిలో ఉన్న కార్మికులకు లేదా వారసులకు మిల్లు భూముల్లో ఇళ్లు అన్నారు. అదీ లాటరీ మీద. మొదటి లాటరీ 2012 జూన్ 28న, 6,925 ఇళ్లకు. ఒక్కో ఇల్లు 225 చదరపు అడుగులు, ధర ఏడున్నర లక్షలు. 225 చదరపు అడుగులంటే పదిహేనుకు పదిహేను. మన రింగ్ ఫ్రేము ఒక్కటి పెట్టాలన్నా అందులో పట్టదు. 2016లో మరికొన్ని. 2020 మార్చి 1న బాంబే డైయింగ్, శ్రీనివాస్ మిల్లుల చోట 3,894 ఇళ్లు, ధర తొమ్మిదిన్నర లక్షలు. శ్రీనివాస్ మిల్లు వాటా అందులో 544. ఆ 280 మీటర్ల కట్టడం లేచిన మిల్లు ఇదే సుమా! 2020 లాటరీ వరకు అన్నీ కలిపితే పదహారు వేలకు లోపు. పేరు నమోదు చేసుకున్నవాళ్లు దాదాపు లక్షా డెబ్బైయైదు వేలు. పదిమందిలో ఒకరికి కూడా రాలేదు. మిగిలినవాళ్లను కర్జత్ లైన్లో షేలు, వాంగణి వైపు పొమ్మన్నారు. రైల్లో గంటన్నర పైమాటే. 2025 జూలైలో ముసలి కార్మికులు, వాళ్ల కొడుకులు, కోడళ్లు ఆజాద్ మైదానంలో కూర్చొని, మిల్లు ఎక్కడుందో ఇల్లు అక్కడే ఇవ్వండి అని అడగవలసి వచ్చింది. సమ్మె మొదలైన నాడు ఇరవైయేళ్ల కుర్రవాడికి ఆనాటికి అరవై మూడు.

అంతా ఓటమేనా అంటే కాదు. రెండు సంగతులు మనకు పనికివస్తాయి.

ఒకటి, బి.డి.డి. చాల్స్. 1920 ప్రాంతాల్లో సర్కారు కట్టిన ఒంటిగది ఇళ్లు. వర్లీ, నాయగాం, ఎన్.ఎం. జోషీ మార్గ్, శివ్డీలలో రెండు వందలకు పైగా కట్టడాలు, ఒక్కో గది 160 చదరపు అడుగులు. వర్లీ చాల్స్‌లో మిల్లు కార్మికుల కుటుంబాలు, మన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. వాటిని పడగొట్టి పెద్ద కట్టడాలు వేస్తామన్నప్పుడు జనం ఖాళీ చెయ్యమని పట్టుపట్టారు. ఎంత ఇస్తారు, ఎక్కడిస్తారు, రాతలో చూపండి అన్నారు. చివరికి 500 చదరపు అడుగుల ఇల్లు, అదే చోట, ధర లేకుండా. 2025 ఆగస్టు 14న వర్లీలో మొదటి 556 కుటుంబాలకు తాళాలిచ్చారు. ఒకే ఊరు, ఒకే సముద్రపు ఒడ్డు. ఊరికి వెళ్లిపోయినవాడికి లాటరీ చీటీ. గది వదలనివాడికి 500 అడుగులు. ఎత్తైన కట్టడం మనకు శత్రువు కాదని కూడా దీన్నిబట్టి తెలుస్తుంది.

రెండోది సెంచురీ మిల్లు కార్మికుల ఇళ్ల స్థలం. పేద కార్మికులకు గదులు కట్టడానికని పాతకాలపు ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు కంపెనీకి ఆ స్థలం 28 ఏళ్ల లీజుకు ఇచ్చింది. లీజు 1955లో ముగిసింది. ఆ తర్వాత యాభై ఏళ్లకు కంపెనీ ఈ భూమి మా పేర రాయండి అని అడిగింది. హైకోర్టులో గెలిచింది కూడా. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పు రద్దుచేసి కార్పొరేషన్ పక్షాన తీర్పిచ్చింది. ఇది ఎవరి ఉపన్యాసంతోనో తేలలేదు. పాత లీజు కాగితం మీద ఏం రాసి ఉందో దాన్నిబట్టి తేలింది.

మద్రాసుకు వద్దాం. పెరంబూరులో ఓట్టేరి కాలువ పక్కన బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లులు, మనవాళ్ల నోట 'బిన్నీ మిల్లు'. పదివేలకు పైగా జనం పనిచేసిన చోటు. 1918 ఏప్రిల్ 27న మద్రాసు లేబర్ యూనియన్ పుట్టింది ఆ మిల్లు కార్మికుల మధ్యనే. సెల్వపతి చెట్టియారు, రామానుజులు నాయుడు, బి.పి. వాడియా దాన్ని నిలబెట్టారు. మనలాంటి సంఘాలన్నిటికీ అది పెద్దన్న. 1996లో మిల్లు మూతపడింది. కొన్నాళ్లు సినిమావాళ్లు ఆ ఖాళీ షెడ్లలో ఫైటింగులు తీశారు. మన పిల్లలు ఆ సినిమాలు చూసి ఈలలు వేశారు, అది తాతలు వడికిన చోటని వాళ్లకు తెలియదు. ఇప్పుడు అక్కడ అరవై ఎకరాల పైచిలుకులో ఎస్.పి.ఆర్. సిటీ అనే అపార్టుమెంట్ల నగరం లేచింది.

మనకు సముద్రం లేదు. పాలారులో నీళ్లే సరిగా లేవు, కౌండిన్య నదిలో వరద వస్తే ఉంది, లేకుంటే ఇసుకే. ఇక్కడ మేడలు ఎవరు కొంటారంటారా? మనకు హైవే ఉంది. చెన్నై బెంగళూరు రోడ్డు, కాట్పాడి జంక్షను, ఆసుపత్రికి దేశమంతటినుంచి వచ్చే జనం, యూనివర్సిటీ. వేలూరు 2008లో కార్పొరేషన్ అయింది. ఒకప్పుడు ఊరి బయట అనుకున్న షెడ్లు ఇప్పుడు ఊరి మధ్యకు వచ్చాయి. మన యాజమాన్యాలకు నూలు ధర ఎంత తెలుసో సెంటు ధర అంతకంటే బాగా తెలుసు. కోయంబత్తూరులో చూడండి. 2020 మార్చి లాక్‌డౌన్‌లో ఆగిన ఎన్.టి.సి. మిల్లులు ఆ తర్వాత మామూలుగా నడవనేలేదు. వాటిలో కొన్ని ఊరి నడిమధ్యన ఉన్నాయి.

ఇంకో దెబ్బ కూడా పడింది. వందమంది, అంతకుమించి ఉన్న మిల్లు మూయాలంటే ప్రభుత్వ అనుమతి కావాలని పాత చట్టం. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో ఆ అంకె మూడు వందలు. మీ గేటు దగ్గర నిలబడి పర్మనెంటు పేర్లు లెక్కపెట్టండి. కాంట్రాక్టువాళ్లను, అప్రెంటీసు పేరుతో తెచ్చిన ఆడపిల్లలను పక్కన పెడితే మూడు వందలు ఎన్ని మిల్లుల్లో తేలతాయి?

మనలో కొందరు యువకులు నన్నడుగుతుంటారు. అన్నా, పాత యంత్రాలు, పాత దుమ్ము, మిల్లు పోతే పోనీ, ఊరు పెరగవద్దా అని. దుమ్ము గురించి నాకు చెప్పనక్కరలేదు. కార్డింగులో ఏళ్లతరబడి పనిచేసిన ఊపిరి నాది, సోమవారం షిఫ్టులో ఛాతీ ఎలా బిగుస్తుందో తెలుసు. ఆ దుమ్ములో నా కొడుకు నిలబడాలని నేనూ కోరను. ఊరు పెరగాలి, మేడలూ రావాలి. అయితే భూమి ధర పెరిగిందని మిల్లు మూసేటప్పుడు ఆ పెరుగుదలలో మన కూలి కూడా ఉందన్నది నా వాదన. దాన్ని యజమాని మంచితనానికి వదిలిపెట్టకూడదు, మూసివేత ఒప్పందంలోనే రాయించాలి. ఒప్పందం అయిపోయాక, మనం చెల్లాచెదురయ్యాక, అప్పుడు అడిగితే లాటరీయే గతి.

అందుకని మిల్లు నడుస్తున్నప్పుడే చెయ్యవలసిన పని ఉంది. ప్రతి మిల్లు కమిటీ తమ మిల్లు భూమి సర్వే నంబర్లు రాసుకోవాలి. తాలూకా ఆఫీసులో పట్టా, చిట్టా, అడంగల్ తియ్యాలి. రిజిస్ట్రారు ఆఫీసులో విల్లంగం సర్టిఫికెట్టు తియ్యాలి. ఏ బ్యాంకుకు కుదువలో ఉందో, ఎవరికైనా అగ్రిమెంటు రాశారో అందులో తెలుస్తుంది. సర్కారు భూమి ఇచ్చి ఉంటే ఏ షరతు మీద ఇచ్చిందో సమాచార హక్కు చట్టం కింద అడగాలి. పరిశ్రమ కోసమని ఇచ్చిన భూమిలో ఇళ్ల ప్లాట్లు వెయ్యాలంటే ఆ షరతు దాటాలి. మనం పట్టుకోవలసింది అక్కడే. లైను ఇళ్లలో ఉన్నవాళ్లు బకాయిలు చేతికి రాకుండా, ప్రత్యామ్నాయం రాతలో లేకుండా తాళం ఇవ్వవద్దు. వి.ఆర్.ఎస్. ఫారం ఎవరూ ఒంటరిగా సంతకం పెట్టవద్దు. రాత్రి ఇంటికొచ్చి ఫారం ఇచ్చేవాడు మన మంచి కోరి రాడు.

మరో చిన్న విషయం. బొంబాయిలో చాలామంది తాము మిల్లు కార్మికులమని రుజువు చేసుకోవడానికే తంటాలు పడ్డారు. గేటు పాసు, ఇ.ఎస్.ఐ. కార్డు, పి.ఎఫ్. చీటీ, సర్వీసు సర్టిఫికెట్టు ఏదో ఒకటి చూపాలి. ఇల్లు కురిసి తడిసిపోయినవి, ఊరికి మారినప్పుడు పోయినవి, భర్త చనిపోయాక చిత్తుకాగితాల్లో వేసినవి ఎన్నో. మీ టికెట్ నంబరు కార్డు, జీతం చీటీలు, ఇ.ఎస్.ఐ., పి.ఎఫ్. కాగితాలు తీసుకొని యూనియన్ ఆఫీసుకు రండి. రిటైరైనవాళ్లు, చనిపోయిన కార్మికుల ఇంటివాళ్లు కూడా రావాలి. జిరాక్సు తీసి మిల్లువారీగా ఫైలు కడుతున్నాం, ఖర్చు యూనియన్‌దే. రెండో షిఫ్టు వదిలేవరకు ఆఫీసు తలుపు తెరిచే ఉంటుంది.